మొహం మాది, ఫోటో నీదా?

అమెరికా వచ్చిన తెలుగువాడికి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక ఉద్యోగం, శని ఆదివారాలు ఇంకో అవతారం. కొందరు పురోహితులవుతారు, కొందరు ఇళ్లమ్మే ఏజెంట్లవుతారు. నేను కెమెరా మెడలో వేసుకుంటాను. ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో కాబట్టి బేరాలకు లోటు లేదు. సీమంతం, బారసాల, అన్నప్రాశన, హాఫ్‌శారీ, గృహప్రవేశం... మనవాళ్లు మానేసిన వేడుక లేదు, నేను కుర్చీలెక్కి తీయని వేడుకా లేదు.

కష్టమల్లా తీశాకనే. లింకు పంపిన గంటకి ఫోటోలు వాట్సాప్ గ్రూపులు దాటి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ చేరతాయి. మూలన వేసుకున్న నా పేరు మొదటి మజిలీలోనే ఎగిరిపోతుంది. "అమ్మాయి పక్కన ఆ మగపిల్లాడి పేరేంటని గుంటూరు నుంచి ఒకటే ఫోన్లు బాబూ, అందుకే కత్తిరించా" అన్నారు ఒక పిన్నిగారు. ఆ తర్వాత మండపం అలంకరించినావిడ అదే ఫోటోకి తన ఫోన్ నంబరు తగిలిస్తుంది. మేకప్ చేసినావిడ, జాకెట్ కుట్టినావిడ, పులిహోర వండినాయన వరసగా అదే ఫోటో పెట్టుకుంటారు. అందులో పులిహోర లేకపోయినా సరే.

ఇదేం న్యాయమని పిల్ల తండ్రిని అడిగాను. "డబ్బులిచ్చింది మేం. మొహం మాది, పట్టుచీర మాది, హాలు అద్దె మాది. ఫోటో ఒక్కటీ నీదెలా అవుతుంది తమ్ముడూ?" అన్నారాయన.

నవ్వకండి. ఆయన అన్నది చట్టమే, కాకపోతే భారతదేశపు చట్టం. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అమెరికాలో 1976 చట్టం దీనికి తలకిందులు. ఫోటోగ్రాఫర్ జీతగాడు కాకపోతే, హక్కులు రాసివ్వకపోతే, ఫోటో తీసినవాడిదే. అన్నగారు పౌరసత్వం మార్చుకున్నారు గానీ సెక్షన్ మార్చుకోలేదు.

ఇక్కడ ఈ తగువు పాతదే. న్యూయార్క్‌లో నెపోలియన్ సారోనీ అనే ఫోటోగ్రాఫర్ రచయిత ఆస్కార్ వైల్డ్‌ని కూర్చోబెట్టి ఫోటో తీస్తే, ఓ అచ్చు కంపెనీ దాన్ని 85,000 కాపీలు వేసి అమ్మింది. బొమ్మ పట్టింది యంత్రం, ఇందులో మనిషి గొప్పేముంది అని వాదించింది. 1884లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. భంగిమ, దుస్తులు, వెలుతురు కుదిర్చింది సారోనీ కాబట్టి కర్త ఆయనేనంది. అంటే "బుజ్జీ, గడ్డం దించు, బావగారూ, పొట్ట లోపలికి" అని నేను గంటల తరబడి అరిచేది సుప్రీంకోర్టు మెచ్చిన సృజనన్నమాట.

మొహం మనదైనంత మాత్రాన గట్టెక్కం. మోడల్ జీజీ హదీద్ తన ఫోటో తనే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుంటే 2019లో ఆమె మీద దావా పడింది. ఫోటోకి రిజిస్ట్రేషన్ పూర్తి కాలేదని కోర్టు కేసు కొట్టేసింది గానీ, మొహం ఆమెదని కాదు.

సోషల్ మీడియాలో పెట్టింది ఊరుమ్మడి సొత్తు అనుకోవడమూ కుదరదు. 2010 హైతీ భూకంపం ఫోటోలు ఫోటోగ్రాఫర్ డానియెల్ మోరెల్ ట్విట్టర్‌లో పెడితే, వార్తాసంస్థ ఏఎఫ్‌పీ, ఫోటో ఏజెన్సీ గెట్టీ ఆయన అనుమతి లేకుండా వాటిని పత్రికలకు పంచాయి. 2013లో న్యూయార్క్ జ్యూరీ ఆయనకు 12 లక్షల డాలర్లు ఇప్పించింది. ఆ అంకె చదివాక పిన్నిగారి వాట్సాప్ గ్రూపు నా కంటికి మరింత కళగా కనిపించింది.

కోర్టుకెళ్లాలంటే ముందు రిజిస్టర్ చేయాలి. బయటపెట్టని ఫోటోలైతే 55 డాలర్లకి ఒకేసారి 750 దాకా చేసుకోవచ్చు. చిన్న తగాదాలకు 2022 నుంచి కాపీరైట్ క్లెయిమ్స్ బోర్డు పనిచేస్తోంది. లాయరు లేకపోయినా వింటారు, 30,000 డాలర్ల దాకా ఇప్పిస్తారు. ఇదంతా మా ఆవిడకి ఉత్సాహంగా చదివి వినిపించాను. "పిన్నిగారి మీద కేసేస్తే దసరాకి బొమ్మల కొలువు పేరంటానికి నేనెవరింటికి వెళ్లను?" అంది. అమెరికా చట్టంలో దీనికి సెక్షన్ లేదు.

సరే, కేసులొద్దు, కనీసం జ్ఞానమైనా పంచుదామని అన్నగారికి ఫోన్ చేసి, 1884 నుంచి మొదలుపెట్టి అంతా విడమరిచి చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారైనా అడ్డు రాలేదు.

"అంటే తమ్ముడూ, చట్టప్రకారం ఫోటోలన్నీ నీవేనా?"

"నావే అన్నగారూ."

"మేం దాచుకుని చూసుకోవడానికి నువ్విచ్చిన అనుమతి ఒక్కటే మాదా?"

"సరిగ్గా పట్టుకున్నారు అన్నగారూ!"

"మరి నీ ఫోటోలకి మిగతా సగం డబ్బులు నన్నెందుకు అడుగుతున్నావు?"