ఇంకొక మూడు సాళ్ళు

తెలుగునాట పుట్టి, భుజమున మూట వైచుకొని, పరప్రాంతపు కొండకోనలలోనికి కాలినడకను పోయినవారిలో అగ్రగణ్యుడెవరని ఎవరైన నన్నడిగినచో, మంచుకొండలెక్కి పతాకములు పాతి వచ్చిన వీరుల పేరులేవియు నుడువక, ఓరుగంటి అన్నమదేవుని పేరు నుడువుదును. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు వశమై, ప్రతాపరుద్ర చక్రవర్తి బందీగా పోయిన పిమ్మట, ఆయనకు సోదరుడని బస్తరు రాజవంశమువారు చెప్పుకొను ఈ అన్నమదేవుడు గోదావరి దాటి, దండకారణ్యము జొచ్చి, అచట ఒక రాజ్యమునే నెలకొల్పెను. 1948లో బస్తరు సంస్థానము భారతదేశమున విలీనమగువరకు ఆ వంశమువారే సింహాసనమున నుండిరి. ఆయన నడకకు నిబంధన యొక్కటే యని ఐతిహ్యము. కులదేవత యైన దంతేశ్వరి వెనుక నడచివచ్చును. రాజు ఎంత మేర నడచిన అంత మేరయు రాజ్యమగును. కాని వెనుదిరిగి చూడరాదు. అందెల సవ్వడి వినుచు ఆయన ముందుకు సాగెను. శంఖిని, డంకిని నదులు కలియు చోట దేవి పాదములు ఇసుకలో దిగబడి అందెలు మూగవోగా, రాజు ఆత్రపడి వెనుకకు చూచెను. దేవి అచటనే నిలిచిపోయెను. ఆ చోటే నేటి దంతేవాడ.

ఈ కథ విన్ననాటినుండి నాకొక యనుమానము. రాజు వెనుకకు చూచినది నిజముగ అందెల కొరకా, లేక ఒక్క నిమిషము నిలుచుటకు మిష కొరకా యని. కొండదారిలో కొంత దూరము నడచినవాడెవడైనను, తన వెనుక ఎవరు వచ్చుచున్నారో చూచు నెపమున ఆగును. అంతకంటె గౌరవప్రదమైన విశ్రాంతిని మానవజాతి ఇంతవరకు కనిపెట్టలేదు. మా బావమరది యీ విద్యయందు అన్నమదేవుని మించినవాడు. ఆయన వెనుక నెవరును లేనపుడు సైతము వెనుకకు చూడగలడు.

ఈ బావమరది బ్యాంకునందు పెద్ద యధికారిగా నుండి పదవీవిరమణము చేసినవాడు. రక్తమున చక్కెర హెచ్చినది, దినమునకొక గంట నడువుమని వైద్యుడు చెప్పగా, ఆ గంటలన్నింటిని నెలల తరబడి బకాయి పెట్టి, చివరకు వాని మొత్తమును ఒక్కమారుగ కొండలలో చెల్లించి ఖాతా మూసివేయుదునని నిశ్చయించుకొనెను. ఎవరో అచ్చొత్తించిన కరపత్రమొకటి ఆయన చేతికి చిక్కినది. అందు బస్తరు కొండలలో "మధ్యస్థ కాఠిన్యము" గల కొన్ని దినముల నడక వర్ణింపబడియుండెను. ఎవరికి మధ్యస్థమో మాత్రము అందు వ్రాసియుండలేదు. బస్తరను పేరు వినగనే బంధువులు కలవరపడిరి; ఏలయన, ఆ సీమను గూర్చి మన దినపత్రికలు ఏండ్లకేండ్లు తుపాకుల వార్తలే గాని జలపాతముల వార్తలు వ్రాసియుండలేదు. ఒక పెద్దమ్మ తాయెత్తు కట్టినది. ఒక మేనల్లుడు, మిక్కిలి వినయముతో, మామయ్య డిపాజిట్లకు నామినీ పేరు వ్రాయబడియున్నదా యని విచారించెను.

విశాఖపట్టణమున కిరండూలు పాసెంజరు ఎక్కితిమి. కొత్తవలసనుండి కిరండూలువరకు తూర్పుకనుమలను తొలిచి 1960 దశకమున వేసిన యీ రైలుమార్గము మనుష్యుల కొరకు వేసినది కాదు. బైలాడిలా కొండలలోని యినుపరాతిని విశాఖ రేవునకు దించి, అచటినుండి జపానునకు ఓడలలో పంపుటకు వేసినది. ఆ సంగతి మార్గమునకు నేటికిని జ్ఞాపకమున్నది. యాభైకి పైగా సొరంగములు దాటుచు, బ్రాడ్‌గేజి స్టేషనులలో మిక్కిలి ఎత్తైనదని చిరకాలము పేరొందిన శిమిలిగుడ మీదుగా, మేము పైకి పోవుచుండగా, ఎర్రని రాతిపొడితో నిండిన గూడ్సుబండ్లు క్రిందికి దిగుచుండెను. వానికి దారి యిచ్చుటకై మా బండి యనేక పర్యాయములు ప్రక్కపట్టాపై నిలుచుండెను. "చూచితివా బావా, మట్టికున్న మర్యాద మనకు లేదు!" అని బావమరది నిట్టూర్చెను. విదేశమారకద్రవ్యము నార్జించునది మట్టియే గాని మనము కామని నేను సమాధానము చెప్పితిని. బ్యాంకువాడగుటచే ఆయన వెంటనే ఒప్పుకొనెను.

జగదలపురము చేరి, మొదట కాంగేరు లోయలో కాళ్ళను సాధన చేయింపదలచితిమి. 1982లో జాతీయోద్యానముగ ప్రకటింపబడిన యీ లోయ సుమారు 200 చదరపు కిలోమీటర్ల మేర సాలవృక్షములతోను, వెదురుపొదలతోను నిండియున్నది. తీరథగఢ్ జలపాతము 300 అడుగులవరకు ఉండునని చెప్పుదురు. మెట్లపై దిగునపుడు ఆ అంకె ఎవరికిని నమ్మబుద్ధి కాదు, ఎక్కునపుడు తక్కువ చెప్పిరని తోచును. కోటంసర్ గుహలోని చీకటినీటియందు చూపు క్షీణించిన చేపలు కలవు. గుహ వానకాలమున మూసియుంచబడును గాన మేము శీతకాలమున పోవుట మంచిదైనది. కాని నా మనస్సున నిలిచినది కొండగోరువంక. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపక్షియైన యీ నల్లపిట్ట పసుపుపచ్చని ముక్కుతో మనుష్యుల మాటలను యథాతథముగ అనుకరింపగలదు. మా బావమరది ప్రతి మలుపునందును, "అమ్మో, నా మోకాలు!" అని ఎలుగెత్తి మొరపెట్టుచుండగా, పైకొమ్మపై నొక గోరువంక తల ప్రక్కకు వాల్చి శ్రద్ధగ వినుచుండుట చూచితిని. ఇకమీదట కాంగేరు అడవులలో స్వచ్ఛమైన గోదావరిజిల్లా యాసలో మోకాలి నొప్పి వినబడినచో, పక్షిశాస్త్రజ్ఞులు తొందరపడి సిద్ధాంతములు చేయకుందురుగాక.

అచటినుండి దంతేవాడకు. దంతేశ్వరి యాలయములో పురుషులు ప్యాంటుతో ప్రవేశింపరాదు. పంచెయో లుంగియో కట్టవలెను. మా బావమరది యీ యాత్రకై ప్రత్యేకముగ కొనిన షరాయి, అనేకములైన జేబులు, గొలుసులు, కొక్కెములు కలిగి, మోకాలివద్ద విప్పి సగము చేసికొనుటకు వీలైనది; అంతటి వస్త్రరాజము గుడిబయట మేకునకు వ్రేలాడగా, ఆయన తెల్లని పంచెలో లోనికి పోయి, బయటకు వచ్చి, ఆ పంచె విప్పుటకు ఎంతమాత్రమును సమ్మతింపలేదు. మోకాలికి గాలి తగులుచున్నదట. మా యాత్రలో నాకు తెలిసినంతవరకు ఆయన కొనినవానిలో దేనికిని, కొననిదానికున్నంత ప్రయోజనము కలుగలేదు.

ఇక అసలు నడక ఫరస్‌పాల్ గ్రామమునుండి ఢోల్‌కల్ శిఖరమునకు. బైలాడిలా యనునది ఉత్తరదక్షిణములుగ సాగిన రెండు సమాంతర పర్వతపంక్తులును, వాని నడుమ లోయయును. 1930 దశకమున క్రూక్‌షాంక్ అను భూగర్భశాస్త్రవేత్త యీ కొండలను సర్వే చేసి, ఇనుపరాతి నిక్షేపములకు వరుసగ 14 అంకెలు వేసెను. నేటికిని ఇచటి గనులను ఆ అంకెలతోనే పిలుతురు. గోండుల దేవతలకు నివాసమైన కొండలకు బ్యాంకు లాకర్లకు వలె నెంబరులుండుట మా బావమరదికి మిక్కిలి నచ్చినది.

మాకు మార్గదర్శిగ వచ్చిన గోండు యువకుడు సన్నగా, పొడుగుగా నుండి, రబ్బరు చెప్పులు తొడిగి, భుజమున నొక ఎండిన సొరబుర్రలో రాగి అంబలి మాత్రము వ్రేలాడవేసికొనియుండెను. మాకు హిందీ అంతంతమాత్రము, అతని గోండి మాకు శూన్యము. ఏ భాషలో మాటలాడుదుమాయని మేము తర్జనభర్జనము చేయుచుండగా, అతడు మా మూటలను ఎగాదిగా చూచి, స్పష్టమైన ఖమ్మంజిల్లా తెలుగులో, "ఇన్ని ఎందుకు దెచ్చిన్రు సారూ?" అనెను. విచారింపగా తెలిసినదేమనగా, సంక్రాంతి దాటగనే ఆ పల్లెలలోని యువజనులు గుంపులుగ గోదావరి దాటి, ఖమ్మము, భద్రాచలము ప్రాంతములకు మిరపకోతలకు పోవుదురు. ఎండలు ముదిరినపిదప మరల ఇప్పపూవు, తునికాకు వేళకు ఇల్లు చేరుదురు. అన్నమదేవుడు వచ్చిన దారినే వీరు ఎదురుగ నడచుచున్నారు. రాజ్యములు స్థాపింపరు, కిలోలెక్కన కూలి తీసికొందురు.

అతని తెలుగు మిరపచేనులో నేర్చినది; అందుచేత అందు మిరపచేనిలో వినబడు మాటలే యుండెను. దూరము చెప్పుటకు మైళ్ళును, కిలోమీటర్లును అతడెరుగడు. "ఇంకెంత దూర ముందోయ్?" అని బావమరది అడుగగా, కొండవైపు చూచి, మనస్సున లెక్కించి, "ఇంకో మూడు సాళ్ళు," అనెను. ఒక గంట నడచితిమి. మరల నడుగగా మరల మూడు సాళ్ళు. మిరపసాలు పొడవు ఆసామిని బట్టి మారునని తరువాత మాకు బోధపడినది. క్రియాపదములన్నియు ఆజ్ఞార్థకములే, అవి అతడు తనకు తాను కల్పించుకొనినవి కావు, తనపై ప్రయోగింపబడినవి. వెదురుకొమ్మ అడ్డము వచ్చినచో, "వంగు సారూ, వంగు!" దాహమైనదన్నచో, "ఈ సాలు అయినంక తాగుదువు." మాట కలుపబోయినచో, "ముచ్చట్లు మళ్ళ. ఎండెక్కకముందే అయిపోవాలె." ముప్పదియేండ్లు అధికారపీఠమున కూర్చుండి ఏకవచనము వినియెరుగని మా బావమరది మొదట ఎర్రబారెను, పిదప పాలిపోయెను, కడకు ఊపిరి చాలక, మన్ననను గూర్చిన చర్చను శిఖరమువరకు వాయిదా వేసెను. ఆయన తన ప్రియవిద్యను ప్రదర్శించుచు వెనుకకు తిరుగబోయినపుడు మార్గదర్శి పలికిన మాట విని నేను నిశ్చేష్టుడనైతిని:

"ఎనకకు సూడకు. ముందు సాలు సూడు."

దంతేశ్వరి యన్నమదేవునకు చెప్పినదియు నిదియే; ఆమె మాత్రము కూలి కోయుదునని బెదిరింపలేదు.

ఒక బండపై కూర్చున్నపుడు అతడు మరియొక సంగతి చెప్పెను. 2020లో దేశమంతయు తలుపులు మూసికొన్న వేసవిలో, చేలనుండి అడవిదారిని బస్తరువైపు నడచిపోయిన కూలిజనములో తానును ఉండెనట. ఆ నడకను గూర్చి అతడు హాస్యమాడలేదు. నేనును ఆడను. దానికి కాఠిన్యము నిర్ణయించిన కరపత్రమేదియు లేదు.

శిఖరము చేరితిమి. సుమారు 3,000 అడుగుల ఎత్తున, ఇరుకైన శిలాగ్రముపై, గుడి లేదు, గోపురము లేదు, నీడ లేదు. మూడడుగుల రాతి వినాయకుడు వేయి సంవత్సరములుగ లోయను చూచుచు కూర్చున్నాడు. నాగవంశపు రాజుల కాలపు విగ్రహమందురు. ఒక చేత పరశువు, ఒక చేత విరిగిన దంతము, ఒక చేత మోదకము. పరశురామునితో పోరి దంతము పోగొట్టుకొన్నది ఇచటనే యని స్థానికుల కథ. ఇంత యెక్కివచ్చినపిదప పోరాటమునకు ఓపిక మిగిలినదంటే వారు దేవతలే యనుటకు వేరు ప్రమాణమక్కరలేదు. 2017 జనవరిలో ఈ విగ్రహము శిఖరమునుండి క్రిందికి పడద్రోయబడి ముక్కలైనది. పురాతత్త్వజ్ఞులు, గ్రామస్థులు లోయలో ఆ ముక్కల నేరి, కూర్చి, అతికి, మరల పైన నిలిపిరి. అతుకులు నేటికిని కనబడుచున్నవి. బావమరది వానిని చాలసేపు పరిశీలించి, "ఈయననే అతికినవారుండగా నా మోకాలికి భయమేమి?" అని, తొలిసారిగ చిరునవ్వు నవ్వెను.

అచట మా భోజనము. బావమరది మూటనుండి ఆవకాయ జాడీ, కందిపొడి, నేతిడబ్బా, గోంగూర, అప్పడములు ఒక్కొక్కటిగ వెలువడెను. మా మార్గదర్శి మమ్ము చూచి ఇన్ని ఎందుకని యడిగినదానికి అదే సమాధానము. ఆవకాయ కారము పేరుపొందిన దుకాణములో దగ్గరుండి పట్టించినదనియు, ఎర్రదనమునకు ప్రత్యేకమైన కాయ యనియు బావమరది దారిపొడవున చెప్పుచునేయుండెను. యువకుడు ఒక ముక్క నాలుకకు తాకించి, కన్నులు మూసికొని, "తేజ కాయ గలిసింది సారూ. మంట శానా, రంగు తక్కువ. మూడో కోత," అనెను. దుకాణదారు చేసిన కల్తీని ముప్పదియేండ్ల బ్యాంకు తనిఖీ పట్టుకొనలేదు. చేనిలో నడుము వంచినవాడు ముక్కతో పట్టెను. ఆ తరువాత మన్ననను గూర్చి వాయిదా వేసిన చర్చను బావమరది ఎత్తనేలేదు. పైగా అతనిని "మీరు" అని సంబోధించెను.

ఋణము తీర్చుకొనుటకై అతడు దిగినపిదప మమ్ము వారపుసంతకు తీసికొనిపోయెను. చెట్లపై ఆకులు కుట్టి గూళ్ళు కట్టు ఎర్రచీమలను, వాని గ్రుడ్లతో సహా, ఉప్పు మిరపకాయలు చేర్చి నూరిన చాప్‌డా పచ్చడిని ఆకుదొప్పలలో అమ్ముచుండిరి. చీమలలోని ఆమ్లముచే చింతపండు అవసరము లేకయే పుల్లగ నుండును. నేను దూరమునుండి గౌరవించితిని. బావమరది కొంచెము చప్పరించి, గంభీరముగ ఆలోచించి, "ఇంగువ తగ్గింది," అని తీర్పు చెప్పి, మరల దొప్ప చాచెను.

బస్తరు పోదలచినవారు కార్తీకము మొదలు మాఘమువరకు పోవుడు. పంచె ఒకటి తీసికొనిపోవుడు. జేబుల షరాయి ఇంట వదలుడు. ఖమ్మము, భద్రాద్రి, ములుగు ప్రాంతముల మిరపరైతులకు మాత్రము నా ప్రత్యేక విన్నపము: అయ్యా, ఈ యేటి కోతలకు వచ్చినవారితో మాటలాడునపుడు, "రండి", "కూర్చోండి", "కాసేపు ఆగి నీళ్ళు త్రాగండి" అను మాటలను సైతము నాలుగు మార్లు వాడుడు. శీతకాలమున మరల మేము కొండ నెక్కవలసియున్నది.