వద్దన్న కుర్చీ, దక్కని డిపాజిట్

నార్కట్‌పల్లి నుంచి నల్లగొండకు బండి మీద అర్ధగంట దారి. 2024 మే నెల ఎండల్లో ఆ అర్ధగంటలోనే మా చిన్నాయన రాజకీయ వైఖరి మొత్తం తిరగబడేది. నార్కట్‌పల్లిలో ఉన్నంతసేపు చెయ్యి గుర్తును ఓడించాలి. దారిలో ఎక్కడో, బోర్డు కూడా లేని చోట, భువనగిరి పార్లమెంటు అయిపోయి నల్లగొండ పార్లమెంటు మొదలవుతుంది. అక్కణ్నుంచి చెయ్యి గుర్తును గెలిపించాలి. బండికి కట్టిన ఎర్రజెండా మాత్రం అదే. గేరు కూడా మార్చక్కర్లేదు.

నేను అల్లింది కాదు. తెలంగాణలో 17 లోక్‌సభ సీట్లుంటే సీపీఎం భువనగిరిలో ఒక్కచోట నిలబడి, తక్కిన 16 చోట్ల కాంగ్రెస్‌కు మద్దతిచ్చింది. ఆ ఒక్కటీ వదులుకోమని కాంగ్రెస్ వాళ్లు అడిగితే ససేమిరా అంది.

"ఇదేం లెక్క చిన్నాయనా?" అన్నాను.

"బీజేపీ రావద్దు. గది ప్రధానం. భువనగిరిల మన జెండా ఎగరాలె. గది..." అని ఆగి, చాయ్ ఒక గుక్క తాగి, "గది గూడ ప్రధానమే" అన్నాడు.

ఆయన ప్రచారం చూసి తీరాలి. ఆటో మీద రెండు మైకులు, పలికేది ఒకటి. వెనక డప్పు. గొంగడి భుజాన వేసుకున్న కళాకారులిద్దరు. వాళ్ల వెనక హుండీ. లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల దాకా ఖర్చు పెట్టుకోవచ్చని ఎన్నికల సంఘం గీత గీసింది. ఆ గీత లోపల ఎట్లా ఇమడాలా అని పెద్ద పార్టీల వాళ్లకు నిద్ర పట్టదు. మా చిన్నాయన ఆ పూట హుండీని అరుగు మీద కుమ్మరించి లెక్కపెడితే 1,140 రూపాయలు తేలాయి. పైన ఒక పాత ఐదొందల నోటు, నోట్ల రద్దుకు ముందుది. అది కూడా లెక్కల పుస్తకంలో ఎక్కింది.

ఒకింటి ముందు ఆగాం. ఇంటామె చెంబుతో నీళ్లిచ్చి, "మీ జెండా పట్టుకొని తిరిగితేనే గదా అన్నా, ఈ జాగకు పట్టా అచ్చింది. మీకు గాక ఎవలికేస్తం?" అంది. తలుపు మీద అప్పటికే మూడు పార్టీల స్టిక్కర్లున్నాయి. నాలుగోదానికి చోటు లేక చిన్నాయన మనదాన్ని కరెంటు మీటరు డబ్బా మీద అంటించి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆమె పేరు రాసుకున్నాడు.

ఎర్రజెండా ఈ జిల్లాకు నిన్నమొన్నటిది కాదు. 1952లో నల్లగొండ జనం రావి నారాయణరెడ్డిని పార్లమెంటుకు పంపినప్పుడు ఆయనకు నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండి పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో పోటీ చేసిన రోజులవి. పేరు చెప్పుకోవడానికి వీల్లేనప్పుడు ఓట్లు రాశులు పోశారు. ఇప్పుడు మైకు పెట్టి చెప్పుకోవచ్చు.

1996 సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోతున్నా పట్టించుకునే నాథుడు లేడని నల్లగొండలో 480 మంది బరిలోకి దిగారు. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. అంత పుస్తకంలోనూ జనం కంకి కొడవలిని వెతికి పట్టుకుని సీపీఐ బొమ్మగాని ధర్మభిక్షాన్ని గెలిపించారు. ఢిల్లీ కదిలింది. 500 రూపాయలున్న డిపాజిట్‌ను 10,000 చేసింది. నీళ్లు రావడానికి ఏళ్లు పట్టింది గానీ, డిపాజిట్ మాత్రం ఆ ఏడే పెరిగింది.

అదే ఏడు ఢిల్లీలో, ప్రధాని కమ్మని సీపీఎం నేత జ్యోతిబసును యునైటెడ్ ఫ్రంట్ బతిమాలింది. సీపీఎం కేంద్ర కమిటీ కూర్చుని, చర్చించి, ఓట్లు లెక్కపెట్టుకుని మరీ వద్దంది. తర్వాత బసుగారే దాన్ని చారిత్రక తప్పిదమన్నారు. సీపీఐ వాళ్లు అంత మొహమాటపడలేదు. ఇంద్రజిత్ గుప్తా వెళ్లి హోంమంత్రి అయ్యారు. కామ్రేడ్లను ఏళ్ల తరబడి లోపలేసిన శాఖకు కామ్రేడే మంత్రి! ఈ రెండు పార్టీలూ 1964లో ఎందుకు విడిపోయాయో చిన్నాయనను మాత్రం అడక్కండి. చెప్పడం మొదలుపెడితే మీ ఆఖరి బస్సు వెళ్లిపోతుంది.

ప్రధాని కుర్చీ కాలదన్నుకున్న పార్టీ 28 ఏళ్లు తిరిగేసరికి డిపాజిట్ దక్కించుకోవడానికి ఎండన పడి తిరిగింది. ఇప్పుడది 25,000. వెనక్కి రావాలంటే పోలై చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటాలి. 2004లో లోక్‌సభలో 43 మంది ఉన్న సీపీఎంకు 2024లో దేశం మొత్తమ్మీద మిగిలింది నలుగురు. అందులో భువనగిరి లేదు. డిపాజిట్టూ లేదు.

"ఓట్ల కోసం గాదురా, రాజకీయ ప్రచారం జేసినం" అన్నాడు చిన్నాయన. తర్వాత ఆత్మవిమర్శ సమావేశం పెట్టుకున్నారు. విమర్శకు తక్కువేమీ లేదు. చిక్కల్లా ఆయన చిన్న పుస్తకంతో వచ్చింది. మీకే వేస్తామన్న వాళ్ల పేర్లు అందులో ఉన్నాయి. ఒక ఊళ్లో పడిన ఓట్లకు ఆ పేర్లు ఏడింతలు తేలాయి. సమావేశంలో రెండుసార్లు కూడారట, మూడోసారి క్యాలిక్యులేటర్ తెప్పించారట.

కాబట్టి పాఠకులకు ఒక మనవి. పట్టా రాకపోయినా, కూలి రేటు పెరగకపోయినా, పింఛను ఆగినా ఎప్పటిలాగే వాళ్ల ఆఫీసుకు వెళ్లండి. ఎప్పటిలాగే మీ వెంట వస్తారు. ఓటు మీ ఇష్టం. వెయ్యని ఓటు మాత్రం వేస్తామని చెప్పకండి. పెద్దాయన నమ్మి రాసుకుంటున్నాడు.