నాలుగు మిరప మొక్కలు: ‘తక్రవాహిని’ వ్యాఖ్యా సహితం

మూలం

పెరటి మడిని నాల్గు పెట్టుము మిరపలు
కారమున్నవాని కాయ జూచి
బజ్జి మిరప దేకు పనికిరానిది మన
రోటి తొక్కునందు రుచియు లేదు

అవతారిక

ఇది మహాకవి ప్రణీతం కాదు. ఎల్లారెడ్డిపేట వారపు అంగట్లో నిలబడి ఉండగా మా పెద్దమ్మ ఫోన్లో సెలవిచ్చిన మాట. ఆమె పలికింది పలికినట్టు ఇదీ: “కొడుకా, అంగట్లనే ఉన్నవా? నాలుగు మిరప మొలకలు పట్కరా. మస్తు కారమున్నయి సూశి తే. బజ్జీలయి తేకు, తొక్కుకు అక్కెరకు రావు.” అంతటితో సిగ్నల్ పోయింది. శాస్త్రవాక్యం కంఠస్థం కావాలంటే ఛందస్సులో ఉండాలి గనుక ఆటవెలదిలో బిగించాం. గణాల కోసం కొన్ని మాటలు అటూ ఇటూ జరిగాయి, అర్థం జరగలేదు.

మెదకు సీమలోని కొల్చారం వాడైన మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయనని మాట ఇచ్చి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. పెద్దమ్మ వాక్యానికి వ్యాఖ్య రాసేవాడు అలాంటి మాట ఇవ్వలేడు. ఆమె చెప్పినదానికన్నా చెప్పకుండా వదిలినదే ఎక్కువ. ఈ వ్యాఖ్యకు ‘తక్రవాహిని’ అని పేరు. తక్రమనగా మజ్జిగ. మిరపలో మండించే పదార్థం నీళ్లలో దాదాపు కరగదు, అందుకే చెంబెడు నీళ్లు తాగినా నోరు చల్లబడదు. పాలలో, మజ్జిగలో ఉండే కేసీన్ అనే మాంసకృత్తు దాన్ని నాలుక మీది నుంచి పట్టుకుపోతుంది. చదివేవారు ఒక గ్లాసు పక్కన పెట్టుకోవచ్చు.

ప్రతిపదార్థం

పెరటి మడిని = ఇంటెనుక నేలలో; నాల్గు మిరపలు = నాలుగు మిరప మొక్కలను; పెట్టుము = నాటుము (నాటేది నేనే, తెచ్చేది నువ్వని భావం); కారమున్నవాని = ఘాటు గలవాటిని; కాయ జూచి = కాయను పరీక్షించి; బజ్జి మిరప = శనగపిండిలో మునగడానికే పుట్టిన లావుపాటి కాయ; దేకు = తేవద్దు; మన రోటి తొక్కునందు = మన ఇంటి రోట్లో దంచే తొక్కులో; పనికిరానిది = కొరగానిది; రుచియు లేదు = రుచి కూడా ఉండదు. ‘మన’ అన్నది పెద్దమ్మ ఇంటికే వర్తిస్తుంది. వ్యాఖ్యాత ఇంట్లో ఉన్నది మిక్సీ.

‘పెరటి మడిని’

మడి అనగానే వరి మడి తలచుకొని నీళ్లు నిలబెట్టేవారు ఈ పద్యానికి అధికారులు కారు. మిరప వేరు నిలవ నీటిలో కుళ్లుతుంది. మా దిక్కు ఇళ్ల వెనుక సాధారణంగా ఉండేది ఎర్ర చెలక. నీరు ఇట్టే ఇంకిపోతుంది, ఒక గంప పశువుల ఎరువు కలిపితే మిరపకు మంచి నేల. చిక్కంతా ఎండతో. పగటి వేడి 35 డిగ్రీలు దాటిపోతుంటే పూత నిలవక రాలుతుంది. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు, రోలు పగిలే ఎండకు పూత ఏం ఆగుతుంది? అందుకే మృగశిర చల్లబడ్డాక నారు పోసి, ఐదారు వారాల మొలకను వానల్లో నాటుతారు. వేసవిలో నాటి పూత లేదని విత్తనాన్ని తిట్టడం న్యాయం కాదు.

‘నాల్గు’

నాలుగే ఎందుకన్న ప్రశ్నకు ప్రాచీనులు పురుషార్థాలు నాలుగు గనుక అంటారు. నవ్యులు ఒప్పుకోరు. వారి లెక్కలో ఒకటి ముడతకు, ఒకటి పక్కింటి మేకకు, ఒకటి అడిగి కోసుకుపోయేవాళ్లకు, ఒకటి మనకు. వ్యాఖ్యాత నవ్యుల పక్షం.

ముడత రెండు విధాలు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే పై ముడత, అది తామర పురుగు పని. కిందికి వంగితే కింది ముడత, అది నల్లి పని. రెండూ కంటికి సరిగ్గా ఆనని జీవాలు, రసం పీలుస్తాయి. 2021లో నల్ల తామర పురుగు పూతలో దూరి తెలంగాణ, ఆంధ్ర మిరప రైతులను ఏడిపించింది. పెరట్లో నాలుగు మొక్కలకు వేపనూనె చాలు, కాకపోతే ఆకు వెనక్కి తిప్పి చూసే ఓపిక కావాలి.

చిలుకల సంగతి పెద్దమ్మ చెప్పలేదు. ఎంత కారపు మిరప పెట్టినా పండిన కాయను రామచిలుక కొట్టుకుపోతుంది, పక్షులకు ఆ మంట తెలియదు. మిరప తన కాయలో మంట పెట్టుకున్నది విత్తనాన్ని నమిలి పాడుచేసే జంతువులను తరిమి, మింగి దూరాన విడిచే పక్షులను పిలవడానికేనని శాస్త్రజ్ఞులంటారు. నమిలే జంతువులను తరమడానికే పుట్టిన కాయను వెదికి మరీ కొనే ప్రాణి మనిషొక్కడే.

‘కారమున్నవాని’

ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది.

షడ్రుచుల్లో కటువును లెక్కవేసిన పెద్దలు ఉద్దేశించింది మిరియాన్ని, శొంఠిని. మిరప పోర్చుగీసు ఓడల వెంట 16వ శతాబ్దంలో వచ్చిన కాయ. దాని కారం నిజానికి రుచి కాదు, మంట. నోట్లో వేడిని కనిపెట్టే నరాలకు ఒక గ్రాహకం ఉంది. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే అది మేలుకొని మెదడుకు కబురు పంపుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ తగిలితే వేడి లేకుండానే అదే కబురు పోతుంది. డేవిడ్ జూలియస్ బృందం ఈ గ్రాహకాన్ని 1997లో పట్టుకుంది, ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. మే నెలలో మా జిల్లా గాలే 43కు చేరుతుంది గనుక ఊరికే నోరు తెరిచినా కారం తిన్నట్టే ఉండటానికి శాస్త్రాధారం దొరికిందని స్థానికులు సంతోషించవచ్చు.

కారం ఎక్కడుంటుంది? గింజలో అంటారు జనం. కాయను నిలువునా చీల్చి చూడండి. తొడిమ దగ్గర నుంచి కిందికి దిగే తెల్లని మెత్తటి ఈనె ఉంటుంది, గింజలు దానికే అతుక్కుని ఉంటాయి. కారం కాయలో ఆ ఈనె మీద పసుపు ఛాయతో మెరిసే నూనెపొర కనిపిస్తుంది. క్యాప్సైసిన్ పుట్టేది అక్కడ, గింజకు అంటుకున్నది అక్కడి తడే. గింజలు రాల్చి ఈనెను ఉంచేసి ‘కారం తగ్గించాను’ అనేవారు గ్రహించగలరు.

ఇక కొలత. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఔషధ శాస్త్రజ్ఞుడు మిరప సారాన్ని చక్కెర నీళ్లలో పలుచన చేస్తూ పోయి, రుచి చూసేవాళ్లకు మంట తెలియకుండా పోయే దాకా ఎన్ని రెట్లు కలపాలో లెక్క వేశాడు. ఇప్పుడు యంత్రాలు కొలుస్తున్నాయి, పేరు మాత్రం ఆయనదే. ఆ లెక్కలో క్యాప్సికం సున్నా. గుంటూరు సన్నం 35,000 నుంచి 40,000. ఖమ్మం, వరంగల్ యార్డుల్లో రాశులు పోసే తేజ అంతకు పైన. ఈశాన్యపు భూత్ జొలోకియా 10 లక్షలు దాటి 2007లో గిన్నిస్‌కెక్కింది. అమెరికాలో పెంచిన కరొలినా రీపర్ 2013లో దాన్నీ దాటి, 2017 కొలతలో సగటున 16,41,183 చూపింది. 2023లో పెప్పర్ ఎక్స్ 26,93,000. దాన్ని పెంచిన ఎడ్ కర్రీ రికార్డు ప్రకటించేనాటికి విత్తనాలు ఎవరికీ అమ్మలేదు. కాబట్టి పెప్పర్ ఎక్స్ అని పేరు రాసి ఉన్న పొట్లం ఎక్కడైనా కనబడితే అందులో ఏముందోగానీ, అమ్మేవాడి ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

‘కాయ జూచి’

ఇక్కడ అసంభవ దోషం ఉంది. అంగట్లో నాటడానికి అమ్మేది నారు, కాయ కాదు. జానెడు మొలకలో కాయ ఎట్లా చూసేది? గడ్డితో కట్టిన నారు కట్టకు పేరుండదు, చీటీ ఉండదు. అడిగితే అమ్మే ఆమె “అన్ని కారమే సారూ” అంటుంది. సర్వం ఖల్విదం కారం అన్న అద్వైతమే అంగడి సిద్ధాంతం.

పోనీ కాయే దొరికిందనుకుందాం. చూస్తే తెలిసేనా? ఎరుపును బట్టి అంటే బ్యాడిగి మిరప అడ్డం వస్తుంది, కుంకుమలా ఎర్రన, కారం కొద్ది. వరంగల్ చపాటా మరీ ఎరుపు, టమాటలా బొద్దుగా ఉంటుంది, భౌగోళిక గుర్తింపు కూడా పొందింది, కారం తక్కువ, రంగు కోసం కొంటారు. సన్నగా చిన్నగా ఉంటే కారమన్నది చాలావరకు నిజం, కానీ జొలోకియా, రీపర్ రెండూ ముడతలు పడ్డ పొట్టి బుడ్డకాయలు. పైగా ఒకే చెట్టు కాయలైనా ఒకలా ఉండవు. కోతకు ముందు నీళ్లు కాస్త తగ్గితే అదే చెట్టు మరింత మండిస్తుంది.

కనుక ‘కాయ జూచి’ అన్నచోట చూపు అంటే నాలుకతో చూడడమని లక్షణార్థం చెప్పుకోవాలి. అంగట్లో పండు మిరపకాయలు కొని, చీల్చి, ఈనె కొసను నాలుకకు తాకించి, మండినవాటి గింజలు ఎండబెట్టుకోవడం పాత పద్ధతి. నాటు రకానికి ఇది చెల్లుతుంది. హైబ్రిడ్ కాయ గింజ పెడితే తల్లి పోలిక వస్తుందన్న పూచీ లేదు.

ఎదురింటి అవ్వ ఇంకో వాదం లేపింది. కారం చెట్టు పక్కన బజ్జీ చెట్టు ఉంటే కారం చచ్చిపోతుందట. సగం నిజం. పుప్పొడి కలిసినా ఈ ఏటి కాయ తల్లిచెట్టుదే, ఈనె తల్లిదే, కారమూ తల్లిదే. మారేది లోపలి గింజ. ఆ గింజ దాచి మరుసటి ఏడు నాటితేనే అవ్వ మాట నిజమవుతుంది.

‘బజ్జి మిరప దేకు’

నిషేధ వాక్యం, వివరణ అక్కర్లేదు. బస్టాండు బండి మీద దానికున్న గౌరవం దానికుంది. పిల్లల ప్రతిలో ఇక్కడ ‘బజ్జి మిరప దెమ్ము’ అనే పాఠాంతరం కనిపిస్తుంది. ఛందస్సుకు భంగం లేదు, ఇంటికి ఉంది.

పూర్వపక్షం

కోరుట్ల నుంచి వచ్చిన మా బావ చాన్నాళ్లు దుబాయిలో ఉన్నవాడు. పద్యం విని పెదవి విరిచాడు. “కారం గావాల్నంటే రీపరే పెట్టాలె బావా. గిన్నిస్‌ల ఉన్నదాన్ని ఇడిసిపెట్టి ఈ తేజ ఏంది?” అతని తర్కం ఇది: సన్నానికి 40 వేలు, రీపర్‌కు 16 లక్షలు. ఎండబెట్టి తూస్తే బరువుకు బరువు 40 రెట్ల కారం. 40 మిరపకాయల చోట ఒకటి చాలు. నాలుగు మొక్కలెందుకు, ఒక్కటే కుండీలో పెడితే ఊరికి సరిపోతుంది.

లెక్క తప్పు కాదు. తొక్కు తప్పు.

సిద్ధాంతం

పద్యంలో నిర్ణాయక పదం ‘తొక్కు’. పెద్దమ్మ చేసే పచ్చిమిర్చి తొక్కు సంగతి చూడండి. కడాయిలో నూనె వేసి దోసెడు పచ్చిమిరపకాయలు మచ్చలు పడేదాకా వేయిస్తుంది. ఇల్లంతా దగ్గు. అవి రోట్లో వేసి, ఉప్పు, జీలకర్ర, ఎల్లిగడ్డ, నానిన చింతపండు కలిపి కచ్చాపచ్చాగా దంచుతుంది. నున్నగా చేస్తే ఒప్పుకోదు, తొక్క పంటికి తగలాలి. జొన్నరొట్టె మీద వేసుకుని తింటారు. ఇందులో మిరపకాయ పోపులో పడే దినుసు కాదు, అదే కూరగాయ. దోసెడు కాయల కండే తొక్కు. బావ చెప్పినట్టు ఒక్క రీపర్ వేస్తే రోట్లో దంచడానికి మిగిలేది చింతపండు. దోసెడు రీపర్లు వేస్తే తినడానికి మిగిలేవారుండరు. కాయలు ఎన్ని కావాలో తొక్కు చెబుతుంది, ఎంత కారం ఓర్చుకుంటామో కడుపు చెబుతుంది, ఈ రెండూ కలిసేచోట రకం తేలుతుంది. ఆ చోటు తేజ, సన్నం దరిదాపుల్లోనే ఉంది, పది లక్షల దగ్గర లేదు. ఇదే బావ దుబాయి విమానం ఎక్కిన ప్రతిసారీ డబ్బాలో కట్టుకుపోయింది పండు మిరప తొక్కే.

మరి జొలోకియాకు అధికారి ఎవరు? ఈశాన్యంలో ఏనుగులు చేలలోకి రాకుండా దాన్ని పొగబెడతారు. మన రక్షణ పరిశోధన సంస్థ దాన్ని గ్రెనేడ్లలో వాడేందుకు పూనుకున్నట్టు 2010లో వార్త వచ్చింది. ఎల్లారెడ్డిపేట పెరట్లో ఏనుగుల బెడద లేదు. పైగా అది తేమ వాతావరణపు చెట్టు. మొలకెత్తడానికే రెండు నుంచి నాలుగు వారాలు తీసుకుంటుంది, మా ఎండలకు పూత రాలుస్తుంది. ముచ్చట తీరాలంటే వానల్లో కుండీలో పెట్టి, వేసవిలో నీడవల కట్టి, పిల్లల చేతికందని ఎత్తున ఉంచాలి. కాయ కోసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవాలి, కంటికి ఆ చెయ్యి తగలనివ్వకూడదు. ఇంత సేవ చేసి కాయ పండాక చిటికెడు తిని ఫొటో దిగడం తప్ప వేరే ప్రయోజనం ఉన్నట్టు వ్యాఖ్యాతకు తోచలేదు.

తాత్పర్యం

ఇంటెనుక ఎర్ర నేలలో వానాకాలం నాలుగు మొక్కలు పెట్టాలి. రెండు తేజ, ఎండుకారానికి, పప్పుకు. ఒకటి గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం నుంచి వచ్చిన జి-4, భాగ్యలక్ష్మి అని దానికి పేరు, పచ్చికాయకూ ఎండుకాయకూ పనికొస్తుంది, తొక్కుకు అదే. నాలుగోది ఊళ్లో ఏ ముసలమ్మ ఇంట్లోనో తరాలుగా గింజ కట్టుకుంటున్న నాటు మిరప. అడిగితే గుప్పెడు గింజలు ఇస్తారు, డబ్బు తీసుకోరు. జొలోకియా ఐదోది, అది పద్యంలో లేదు. నారు కొనేటప్పుడు కారముందా అని అడగకండి, ఏ రకమని అడగండి. పేరు చెప్పలేనివారి దగ్గర కట్ట ఎంత చవకైనా కొనవద్దు.