మా బావ దండయాత్ర

శంషాబాద్‌కు 2008 మార్చిలో విమానాశ్రయం వచ్చింది. అంతకుముందు మా బావకు జొన్నచేలు తెలుసు. ఆ తర్వాత గజాలే తెలుసు. గజాలు అమ్మగా మిగిలిన తీరికలో చరిత్ర పిచ్చి పట్టుకుంది. అదీ యుద్ధాల చరిత్రే. ఇంటికి దగ్గర్లోనే ఉన్న అమ్మపల్లి రాముడి గుడికి ఇంతవరకూ పోలేదు. అక్కడ ఎవరూ కొట్టుకోలేదట.

గోదావరి జిల్లాలకు పోదామంటే అందరం సంబరపడ్డాం. అక్క ఉప్పాడ చీరలంది. "ముందు యుద్ధం, ఎనుక చీరలు" అన్నాడు బావ.

కాకినాడలో కాజా కొరికితే పాకం కారాలి కదా, అది గడ్డం దాకా రాకముందే జపాన్ విమానాలను దించేశాడు. 1942 ఏప్రిల్ 6న విశాఖతో పాటు ఈ ఊరి మీదా బాంబులు వేశారన్నది నిజమే. కానీ శంషాబాద్‌లో రాత్రింబవళ్లు నెత్తి మీంచి విమానాలు పోతున్నా తలెత్తని మనిషి, ఇక్కడ ఖాళీ ఆకాశంలోకి వేలు చూపిస్తుంటే పక్కనున్నవాళ్లు కూడా మెడలెత్తి చూశారు.

పిఠాపురం దాటాం. అటూ ఇటూ పచ్చటి వరి, కొబ్బరిచెట్లు, ఉప్పగాలి. బావకు అవేవీ ఆనలేదు. చందుర్తి పొలంగట్టున నిలబడి చెయ్యి చాపాడు. "గిక్కడ్నేరా! 1758 డిసెంబర్ల ఇంగ్లీషోళ్లు ఫ్రెంచోళ్లను గొట్టింది గిక్కడ్నే!"

కథ మాత్రం బాగుంటుంది, ఒప్పుకోవాలి. విజయనగరం ఆనంద గజపతిరాజు తోడురాగా ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ ఇటు, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ అటు. ఏపుగా పెరిగిన మొక్కజొన్న చేను ఫోర్డ్ తెల్లసైనికులను కప్పేసింది. ఎర్రకోట్లు తొడిగిన బెంగాల్ సిపాయిలనే తెల్లదండనుకుని ఫ్రెంచివాళ్లు వాళ్ల మీద పడ్డారు. అసలు దండు చేను చాటు నుంచి పక్కగా వచ్చి కాల్చింది.

"గెలిచింది మక్కచేను రా!" అని, కాసేపాగి, "గా సిపాయిల పేర్లు మాత్రం ఎవడూ రాసుకోలే" అన్నాడు. ఆ మాటకు నాక్కూడా గొంతు పట్టేసింది. ఇందుకే ఆయన మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేం.

గట్టు మీది రైతు దగ్గరికొచ్చాడు. "మక్కచేను ఏ దిక్కుండె, పెద్దమనిషీ?"

"మొక్కజొన్నాండీ? గిట్టుబాటు కాక మానేశామండి. తమరిదే ఊరండీ?"

"శంషాబాద్."

"ఎయిర్‌పోర్టు దగ్గరాండీ! గజమెంతుందండీ అక్కడ?"

అంతే, ఫోర్డూ కాన్‌ఫ్లానూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. బావ గట్టు మీద చతికిలబడి, అక్కడి గజం రేటు చెప్పి, ఇక్కడి ఎకరం రేటు అడిగి, రోడ్డు ఎంత దూరమని ఆరా తీస్తున్నాడు. ఉప్పాడ దుకాణాలు మూసే వేళవుతోందని అక్క కారులోంచి కేకేసింది:

"ఒరే, యుద్ధం అయిపోయిందా లేదా?"

"అయిపోయిందక్కా. ఇప్పుడు రిజిస్ట్రేషన్ దాకా వచ్చింది."