ఏ సంప్రదాయం స్వామీ?

మా పై వాటాలో ఉండే లెక్కల సారుకి దేవుడంటే కోరికలు తీర్చేవాడు కాదు. పెన్షనుంది, ఎల్బీనగర్‌లో సొంతిల్లుంది, పిల్లలు స్థిరపడ్డారు. "ఒక్కసారి కనబడితే చాలయ్యా, ఇంకేమీ అడగను" అంటారు. మంగళవారం కర్మన్‌ఘాట్ ఆంజనేయుడు, శుక్రవారం కొత్తపేట అష్టలక్ష్మి. గురువారం మాత్రం తెల్లారకముందే దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడిలో కాకడ హారతి. మెట్రో వచ్చింది గానీ మొదటి రైలుకెళితే హారతి అయిపోతుందని ఆయన పాత స్కూటరునే నమ్ముకున్నారు. 2002 నవంబరులో ఆ గుడి దగ్గర, 2013 ఫిబ్రవరిలో అక్కడి బస్టాపుల దగ్గర బాంబులు పేలాయి. రెండూ గురువారాలే. ఆ మరుసటి గురువారాలు కూడా సారు మానలేదు.

అంత నిష్ఠ ఉన్నా లోపల ఒక వెలితి. "కళ్ళు మూసుకుంటే బాబా రాడయ్యా, కరెంటు బిల్లొస్తుంది" అని వాపోయేవారు.

అలాంటి మనిషి కళ్ళలో ఒకాయన పడ్డాడు. మాసిన గడ్డం, అరిగిన చెప్పులు. ఏ గురువారం చూసినా సారు కంటే ముందే వచ్చి స్తంభం పక్కన నిలబడి ఉండేవాడట. హారతి మొదలైతే చాలు, కళ్ళ వెంట ధారగా నీళ్ళు. సారు ఊరుకోక గుడి బయట టీ కొట్టువాణ్ణి ఆరా తీశారు. పెళ్ళి చేసుకోలేదు. ఇల్లూ ఊరూ విడిచి ఏళ్ళయింది. నేల మీద చాప వేసుకుని పడుకుంటాడు. ఒంటిపూట భోజనం. పండక్కీ పబ్బానికీ కూడా ఇంటికి వెళ్ళడు, ఎవరితోనూ మాట్లాడడు, మూడింటికే లేస్తాడు.

"ఈ దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో, హాస్టల్ బోర్డుల మధ్య ఒక మహానుభావుడు తిరుగుతున్నాడు, మనం గుర్తుపట్టలేదు" అన్నారు సారు నాతో. ఆ రోజు నుంచి ఆయన ప్రార్థన కూడా మారింది. ఆ స్వామి తపనలో పావు వంతు నాకూ ప్రసాదించు బాబా అని.

2024 జనవరిలో ఒక గురువారం నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. హారతి అయ్యాక ఆయన బయటికి రాగానే సారు చేతులు జోడించి ఎదురు నిలిచారు.

"స్వామీ, తమది ఏ సంప్రదాయం? దీక్ష పట్టి ఎన్నాళ్ళయింది?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినైనా అంటున్నారేమోనని.

"నన్నేనా అంకుల్? దీక్షేంది? గ్రూప్-1కి ప్రిపేరవుతున్న."

తెలంగాణ వచ్చాక పడిన మొదటి గ్రూప్-1 అది. 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ రాశాడు. పేపరు లీకైందని మార్చిలో రద్దు చేశారు. 2023 జూన్‌లో మళ్ళీ రాశాడు. బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. హాస్టల్ అద్దె, ఒంటిపూట భోజనం మాత్రం రద్దు కాలేదు.

సారు ఇంకా ఆశ వదల్లేదు. "మరి ఆ కన్నీళ్ళు? అంత ఆర్తిగా బాబాని ఏమడుగుతావు నాయనా? ఉద్యోగమేనా?"

"ఉద్యోగం దాకా ఎక్కడ అంకుల్! రాసిన పరీక్షను ఉండనిస్తే చాలంటున్న. ఇంకోటి, నలభై మూడు నిండినయ్. నలభై నాలుగు దాటితే అప్లై చేసుడే లేదు. జర వయసు ఆపమని మొక్కుతున్న."

సారు ఏమీ మాట్లాడలేదు. చెప్పులు మళ్ళీ విప్పి గుళ్ళోకి వెళ్ళారు. పావు వంతు అడిగారు కదా, ఆ కోరిక వెనక్కి తీసుకోవడానికి.

ఆ స్వామి మొక్కు మాత్రం బాబా విన్నట్టే ఉంది. ఫిబ్రవరి 19న పాత నోటిఫికేషన్ మొత్తానికే రద్దు చేసి, 563 పోస్టులకు కొత్తది ఇచ్చారు. వయోపరిమితిని 44 నుంచి 46కి పెంచారు. స్వామివారి దీక్షకు ఇంకో రెండేళ్ళు దొరికాయి.