గోత్రం చెబితేనే బొమ్మ పడుతుంది

పాత టూరింగ్ టాకీసులో లెక్క తేలిక. నేల టికెట్టు కొన్నవాడు నేల మీద కూర్చునేవాడు, బెంచీ కొన్నవాడు బెంచీ మీద, కుర్చీ కొన్నవాడు కుర్చీలో. రీలు తెగితే అన్ని తరగతులవాళ్లూ కలిసి ఈలలు వేసేవాళ్లు. ఓటీటీ వాళ్లు ఆ తరగతుల సంప్రదాయాన్ని భక్తిగా కాపాడుతున్నారు. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో మన దేశంలో రేట్లు తగ్గించినప్పుడు, ఫోనులో చూసుకునే నేల టికెట్టుకు నెలకు 149 రూపాయలు, 4కె బొమ్మ చూపించే బాల్కనీకి 649 రూపాయలు అని కట్టింది. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. పైసల కొద్దీ బొమ్మ. కానీ టాకీసువాడికి రాని ఆలోచన ఒకటి ఈ వ్యాపారానికి వచ్చింది. బాల్కనీ టికెట్టు చింపి లోపలికి పంపాక, మీరు కూర్చున్న కుర్చీ ఎవరు చేశారు, ఏ ఏడాదిలో చేశారు, దాని దగ్గర ధ్రువపత్రం ఉందా అని వాకబు చేసి, సమాధానం నచ్చకపోతే మీ ఒక్కరి ముందు తెర దించేస్తారు. ఆ కుర్చీనే ఎక్స్‌టర్నల్ మానిటర్ అంటారు.

ఆ తెర దించడం ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. లాప్‌టాప్‌లో సినిమా నిక్షేపంగా ఆడుతుంటుంది. ఇంటిల్లిపాదికీ ఆ చిన్న తెర చాలదని హెచ్‌డీఎంఐ కేబుల్ తెచ్చి బల్ల మీది పెద్ద మానిటర్‌కు తగిలిస్తారు. డెస్క్‌టాప్ వస్తుంది, ఫోల్డర్లు వస్తాయి, మౌస్ బాణం ఈ తెర మీంచి ఆ తెర మీదికి పొరుగింటి పిల్లిలా తిరుగుతుంది. సినిమాని అటు జరపగానే నల్లటి పలక. పాట వినిపిస్తూనే ఉంటుంది. చాలాసార్లు సబ్‌టైటిళ్లు కూడా పడుతూనే ఉంటాయి: తలుపు కిర్రుమన్న శబ్దం, ఎవరో ఏడుస్తున్నారు, వర్షం. పాజ్ బటన్ కూడా దివ్యంగా పనిచేస్తుంది, లేని బొమ్మను ఆపడానికి. దీనికి కారణం ఉంది. సబ్‌టైటిళ్లు, బటన్లు బ్రౌజర్ తన చేత్తో గీసుకునేవి, వాటిలో రహస్యం ఏమీ లేదు. బొమ్మ ఒక్కటే కాపలా ఉన్న దారిలో వెళ్తుంది. ఆ దారి చివర మానిటర్ సరైన జవాబు చెప్పకపోతే బొమ్మ గడప దాటదు. అంటే యంత్రం చెడిపోలేదు, చెప్పినట్టే పనిచేసింది.

ఈ కాపలా పేరు హెచ్‌డీసీపీ, అంటే హై బ్యాండ్‌విడ్త్ డిజిటల్ కంటెంట్ ప్రొటెక్షన్. ఇంటెల్ తయారుచేసింది, దాని అనుబంధ సంస్థ లైసెన్సులు ఇస్తుంది. ఇంజనీర్లు దీన్ని కరచాలనం అంటారుగానీ, పద్ధతి చూస్తే ఇది పెళ్లిచూపులు. తొలి తరం హెచ్‌డీసీపీలో ప్రతి పరికరానికీ 40 బిట్ల గోత్రనామం ఉంటుంది. అందులో కచ్చితంగా 20 ఒకట్లు, 20 సున్నాలు ఉండాలి, ఒకటి ఎక్కువైనా సంబంధం కుదరదు. మధ్యలో డాకో, స్ప్లిట్టరో ఉంటే ఆ పేరయ్య కూడా తన గోత్రం చెప్పుకోవాలి, తన వెనక ఎవరెవరున్నారో పూస గుచ్చినట్టు అప్పజెప్పాలి. ఇలా 127 పరికరాల వరకు, ఏడు అంచెల వరకు ఒప్పుకుంటారు. ఏడు తరాలు చూసి పిల్లనివ్వమన్న మన పెద్దలు ఈ సంగతి వింటే ఎంత మురిసిపోయేవారో! రెండో తరం హెచ్‌డీసీపీకి వచ్చేసరికి కాలం మారిందని కాబోలు, నాలుగు అంచెలకే సరిపెట్టారు. పెళ్లయ్యాకా అనుమానం పోదు. తొలి తరంలోనైతే ప్రతి 128 ఫ్రేములకు ఒకసారి, అంటే దాదాపు రెండు సెకన్లకోసారి, నువ్వు ఆ మానిటర్‌వేనా అని లాప్‌టాప్ మళ్లీ ఆరా తీస్తుంది. కేబుల్ కాస్త వదులై ఒక్క జవాబు తడబడితే చాలు, మంచి పోరాట దృశ్యం మధ్యలో కాపురం కూలుతుంది. ఇక 1987లో పుట్టిన వీజీఏ తీగకైతే గోత్రమే లేదు. అది అనాథ, దానికి పిల్లనెవరిస్తారు? కొన్ని సేవలు దయతలచి మసక బొమ్మ చూపిస్తాయి, కొన్ని మొహం మీదే తలుపేస్తాయి.

ఇంత కట్టడి దొంగల కోసమే అంటారు. మరి దొంగ ఏ దారిన వస్తున్నాడో చూద్దాం. 2013లో ‘అత్తారింటికి దారేది’ సినిమాలో పెద్ద భాగం విడుదలకు ముందే బయటికి పొక్కింది. 2018లో ‘టాక్సీవాలా’ గ్రాఫిక్స్ పనులు పూర్తికాకముందే ఇంటర్నెట్‌కెక్కింది. థియేటర్ గడప కూడా తొక్కని సినిమాలు ఎవరింటి మానిటర్ లోంచీ కారిపోలేదు, తయారవుతున్న చోటే చిల్లు పడింది. థియేటర్లో తెరను కెమెరాతో తీయడం ఇంకో దారి. అది అంత పెద్ద బెడద గనకే 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పెట్టారు. సీటులో కూర్చుని కెమెరా ఎత్తేవాణ్ని హెచ్‌డీఎంఐ తీగ ఏం చేయగలదు? సరే, ఓటీటీలోకి వచ్చాక జరిగే దొంగతనం మాటేమిటంటారు. పైరసీ ఫైళ్ల పేర్లలో వెబ్-డీఎల్ అనే గుర్తు చూసేవుంటారు. తెరను చిత్రీకరించకుండా, స్ట్రీమ్‌ను ఉన్నదున్నట్టు దింపారని దాని అర్థం. దొంగ ఆ తాళాన్ని సర్వర్‌కూ ప్లేయర్‌కూ మధ్యే తీశాడు. మీ మానిటర్ దాకా రావలసిన పనే లేదు. పెరటి గోడ దూకి వెళ్లినవాడి కోసం వీధి వాకిలి దగ్గర చుట్టాల జేబులు తడుముతున్నట్టుంది ఈ వరస.

అసలు లెక్క ఇంకోటుంది. దొంగకు తాళం ఒక్కసారి తెరుచుకుంటే చాలు. ఆ తరవాత ఆ కాపీ లక్షమందికి చేరుతుంది, ఏ మానిటర్‌లోనైనా ఆడుతుంది, గోత్రం అడగదు. డబ్బు కట్టినవాడికి మాత్రం ఆ తాళం ప్రతి సాయంత్రం, ప్రతి రెండు సెకన్లకూ తెరుచుకోవాలి. నూటికి ఒక్కసారి మొరాయించినా నష్టపోయేది ఇతనే. ఇలాంటి తాళం ఎంత బలంగా ఉంటే అంత తరచుగా యజమానినే గుమ్మంలో నిలబెడుతుంది.

పోనీ బలమైనదా అంటే, 2010 సెప్టెంబరులో దీని మాస్టర్ కీ ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమైంది. అది అసలైనదేనని ఇంటెల్ ఒప్పుకుంది. మరుసటి ఏడు జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 200 యూరోల సామగ్రితో మధ్యలో దూరి బొమ్మను పట్టేసి చూపించారు. తరవాత హెచ్‌డీసీపీ 2.2 వచ్చింది, తాళం మార్చారు, దాంతోపాటు అంతకుముందు కొన్న మానిటర్లన్నీ 4కె విందుకు పిలుపులేని చుట్టాలయ్యాయి. ఆ 2.2ను పాత తాళంలోకి దించే పెట్టెలు కూడా బజారులోకి వచ్చేశాయి. 2015 ఆఖర్లో వార్నర్ బ్రదర్స్, ఇంటెల్ అనుబంధ సంస్థ కలిసి అలాంటి పెట్టెలు చేసే చైనా కంపెనీ మీద న్యూయార్క్ కోర్టుకెక్కాయి. ఇక్కడే గుట్టు బయటపడుతుంది. తాళం తనంతట తాను ఏదీ ఆపలేకపోయినా, లైసెన్సు లేకుండా మానిటరో, డాకో, టీవీనో చేసేవాణ్ని కోర్టుకు లాగడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. తయారీదారులు సంతకం పెట్టాలి, ఏటా రుసుము కట్టాలి, ఏ తీగలో ఏది పారాలో చెప్పినట్టు వినాలి. ఈ కంచె పరికరాలు చేసేవాళ్ల చుట్టూ వేసింది. అందులో చిక్కుకున్నది మాత్రం ప్రేక్షకుడు.

మేమేం చేస్తాం, నిర్మాతలు ఒప్పందంలో రాయించుకున్నారు అని ఓటీటీ వాళ్లు అంటారు. నిజమే కావచ్చు. కోట్లు పెట్టిన స్టూడియో తాళం అడగడం సహజం, ఆ భయాన్ని వెక్కిరించాల్సిన పని లేదు. సినిమా పోతే ఇల్లు తాకట్టులో ఉండే నిర్మాతలు మన దగ్గరా ఉన్నారు. కానీ భయం నిజమైనంత మాత్రాన మందు పనిచేస్తుందని కాదు. తాయెత్తు కట్టుకున్నవాడికి ధైర్యం వస్తే అభ్యంతరం లేదు, దాని ఖరీదు ఎదురింటివాడి బిల్లులో వేయడమే అన్యాయం. తాళం లేకపోతే మామూలు జనం కూడా కాపీ కొడతారని ఇంకో వాదన. మామూలు జనానికి కాపీ కొట్టే ఓపికే ఉంటే నెలకు 649 ఎందుకు కడతారు? పైగా వాళ్లను దారి తప్పించే శక్తి ఏదైనా ఉందంటే అది ఆ నల్ల పలకే. డబ్బు కట్టిన బొమ్మ ఆడక, దొంగ బొమ్మ ఆడుతుంటే ఎంతటి సత్యహరిశ్చంద్రుడైనా ఒక్క క్షణం ఆలోచిస్తాడు. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ తాళం పగలగొట్టినవాడికి రెండేళ్ల దాకా జైలు అంటుంది, అదీ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం ఉంటేనే. చట్టం అడిగే ఉద్దేశాన్ని తీగ అడగదు. దాని దృష్టిలో అమ్మమ్మా అనుమానితురాలే.

ఇక ఉచిత వైద్యం సంగతి. కేబుల్ పీకి పెట్టు, డ్రైవర్ అప్‌డేట్ చెయ్యి, బ్రౌజర్ మార్చు, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపెయ్యి. ఈ ఆఖరి చిట్కా చాలాసార్లు పనిచేస్తుంది. ఎందుకంటే, కాపలా దారి వదిలేసి, తక్కువ నాణ్యత బొమ్మకు అనుమతి ఉన్న దొడ్డిదారికి మళ్లుతుంది. అంటే బాల్కనీ టికెట్టుతో మీ అంతట మీరే నేల మీదికి దిగి కూర్చున్నారు. కొత్త మానిటర్ కొనుక్కోండి అనేవాళ్లూ ఉన్నారు. ఆ మానిటర్ మీద స్ప్రెడ్‌షీట్ ఆడుతోంది, ఆఫీసు మీటింగ్ ఆడుతోంది, పెళ్లి వీడియో ఆడుతోంది. దానికి ఏ జబ్బూ లేదు.

ఇదంతా హెల్ప్ పేజీలో రాశాం కదా అన్నది చివరి అభ్యంతరం. రాశారు, డబ్బు తీసుకున్నాక వెతుక్కుంటే దొరికేచోట. బిస్కెట్ పొట్లం మీద పచ్చచుక్కో, గోధుమరంగు త్రికోణమో కొనకముందే కనిపిస్తుంది. 4కె అని పెద్దక్షరాలతో అమ్మే పేజీలోనే, ధర పక్కనే, మీ మానిటర్‌కు, డాక్‌కు, కేబుల్‌కు, బ్రౌజర్‌కు ఇవి ఉండాలి, లేకపోతే ఈ నాణ్యతే వస్తుంది అని తెలుగులో నాలుగు ముక్కలు రాయడానికి ఏ స్టూడియో అడ్డుపడుతుంది? 2019 వినియోగదారుల రక్షణ చట్టం సేవ నాణ్యత, ప్రమాణం, ధర తెలుసుకునే హక్కు మనకిచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. వాళ్లు మీ మానిటర్ గోత్రం అడగరు.