పాముల సయ్యాట

గోదావరి డెల్టాలో జెర్రిపోతు తిరగని ఊరుండదు. వరిచేను, కాలువగట్టు, గడ్డిమేటు, పశువుల పాక, అన్నీ దాని తావులే. గింజ కోసం ఎలుక వస్తుంది, ఎలుక కోసం జెర్రిపోతు వస్తుంది. ఆరేడు అడుగుల పొడవు, సన్నటి మెడ, గుండ్రటి పెద్ద కళ్ళు, పెదవుల మీద నిలువుగా నల్లటి గీతలు. పడగ లేదు, విషం లేదు. అయినా దాని మీద ఎన్నో కథలు. తోకలో ముల్లుంటుందట, దాంతో కొడితే ఒళ్ళు కుళ్ళిపోతుందట. ఆవు కాళ్ళకు చుట్టుకుని పొదుగులో పాలు తాగేస్తుందట. నాగుపాముతో జతకడుతుందట.

మా బాబాయి ఈ కథలన్నీ వింటూ పెరిగినవాడు. ఏరువాకకు ముందు ఓ పొద్దున, కాలువగట్టు మీద రెండు పాములు పెనవేసుకున్నాయని పిల్లలు పరుగున వచ్చి చెప్పారు. బాబాయి గబగబా ఇంట్లోకి వెళ్ళి, పెళ్ళిలో పెట్టిన జరీ కండువా, ఇంకా మడత విప్పనిది, పట్టుకుని బయల్దేరాడు. వెనకే పిన్ని, ఆ వెనక సగం వీధి.

గట్టు మీద రెండూ మనిషి మోకాలు దాటి పైకి లేచి ఉన్నాయి. తాడు పేనినట్టు ఒకదానికొకటి చుట్టుకుని, ఒకదాని తలను ఇంకోటి నేలకు నొక్కాలని చూస్తోంది. నొక్కుడు పడ్డ తల పక్కకు జారి, మళ్ళీ పైకి లేచి, ఈసారి తను నొక్కుతోంది. కరుచుకోవడం లేదు. పచ్చగడ్డి మీద ఆ గోధుమరంగు ఒళ్ళు ఎండకు మెరుస్తుంటే అంతమందీ మాట్లాడకుండా నిలబడిపోయారు. బాబాయి చెప్పులు విడిచి, నాలుగడుగులు వేసి, కండువా వాటి మీదికి విసిరాడు. ఆడవాళ్ళు చేతులు జోడించారు. కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తారు.

“ఒకటి నాగుపాము, ఒకటి జెర్రిపోతు” అన్నారెవరో.

“రెండూ జెర్రిపోతులే. రెండూ మగవే” అన్నాను బాబాయితో. “ఆడపాము కోసం మగవి రెండూ కుస్తీ పడతాయి. తల నేలకానినదే ఓడినట్టు, లేచి పోతుంది. జతకట్టేటప్పుడు ఇలా పైకి లేవవు, నేలకు అంటుకుని పక్కపక్కనే ఉంటాయి. నాగుపాము జాతి వేరు, దీని జాతి వేరు, ఆ రెంటికీ జత కుదరదు.”

“నీ చదువు సంగతి తర్వాత. ముందు దణ్ణం పెట్టు” అంది పిన్ని.

కాసేపటికి పాములు చెరో దారిన పొదల్లోకి పోయాయి. బాబాయి కండువాను మట్టి కూడా దులపకుండా కళ్ళకద్దుకుని, ఇంటికి తెచ్చి, పసుపూ కుంకుమా పెట్టి, పొలం కాగితాలుండే భోషాణంలో దాచాడు. ఆ కండువా ఉన్న ఇంట్లో సిరికి లోటుండదని మా వైపు గట్టి నమ్మకం.

వారం తిరక్కుండానే పిన్ని పశువుల పాకలోంచి కేక పెట్టింది. తవుడు బస్తాల వెనక జెర్రిపోతు. “ఆవు దగ్గరికొచ్చింది, పాలకే” అని ఒకరు, “తోక జాగ్రత్త” అని ఒకరు. నేను వీధి చివరి నుంచి చేరుకునేసరికి నాలుగు కర్రలు పని ముగించేశాయి. కర్రకొసన ఎత్తి బయటికి తెస్తుంటే దాని నోట్లోంచి సగం మింగిన ఎలుక జారి పేడకళ్ళ పక్కన పడింది. మర్నాడు గడ్డిమేటు కింద రెండోది కనిపించింది. దానికీ అదే గతి పట్టింది.

పాము భయం ఉత్తుత్తి భయం కాదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. ఆ చావుల్లో ఎక్కువ పల్లెల్లోనే. చేలో పనిచేసే మనిషికి నాగుపామును, కట్లపామును, రక్తపింజరను చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. అవ్వాలి కూడా. కానీ ఆ మూడింటినీ ఎరిగిన ఊరికి జెర్రిపోతును వేరుగా పోల్చుకోవడం కష్టం కాదు. కండువా కప్పిన చెయ్యే కర్ర ఎత్తింది. రెండుసార్లూ ఆ చేతిని కదిలించింది ఏనాడో విన్న కథే. ఎదురుగా ఉన్న పామును కళ్ళారా ఎవరూ చూడలేదు. ఒక జీవాన్ని మొక్కడానికైనా చంపడానికైనా ముందు అదేమిటో చూడాలి. చూస్తే చాలాసార్లు ఆ రెండింటి అవసరమూ ఉండదు, దాని మానాన దాన్ని వదిలేస్తే సరిపోతుంది.

వర్షాలు వెనకబట్టేసరికి చేను పొట్టకొచ్చింది. ఎలుకలూ వచ్చాయి. తెల్లారి వెళ్తే దుబ్బులు మొదలంటా కొరికేసి, మళ్ళ మధ్య వలయాలు వలయాలుగా పడి ఉండేవి. బాబాయి 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమోడయోలోన్ కలిపి, పొట్లాలు కట్టి కన్నాల్లో పెట్టించాడు. ఆ మందు తిన్న ఎలుక కొన్ని రోజులకు గానీ చావదు. ఈలోగా మందకొడిగా తిరిగే దాన్ని తిన్న గుడ్లగూబకూ, పాముకూ కూడా ముప్పే. ఎలుకలు కొన్ని చచ్చాయి, కొన్ని గట్లు వదిలి ఇళ్ళలోకి చేరాయి. చివరికి ఎలుకలు పట్టే పెద్దాయన్ని పిలిపించారు. వెదురు బుట్టలు భుజాన వేసుకుని, కొడుకుతో సహా దిగాడు. తోకల లెక్కన కూలి.

నాగుల చవితి నాటి ఉదయం ఆయన అరుగు దగ్గర కూర్చుని తోకలు లెక్క చెబుతున్నాడు. లోపల పిన్ని తలస్నానం చేసి, చలిమిడి, చిమ్మిలి, ఆవుపాలు, బుర్రగుంజు పళ్ళెంలో సర్ది, పుట్టకు వెళ్ళేందుకు పట్టుచీర తీద్దామని భోషాణం మూత ఎత్తింది. ఎత్తి, వెనక్కి పడినంత పని చేసింది.

అందరం లోపలికి పరిగెత్తాం. అడుగు చెక్కకు పిడికిలంత కన్నం. పొలం కాగితాల అంచులు నుగ్గునుగ్గు. ఒక మూల జరీపోగులు, పట్టుపీచు కలిపి పేర్చిన గూడు. అందులో కళ్ళు కూడా తెరవని ఎర్రటి ఎలుక పిల్లలు ఒకదాని మీద ఒకటి మసులుతున్నాయి. పీచులో అక్కడక్కడా పసుపు మరక ఇంకా ఉంది.

పెద్దాయన వంగి గూడును జాగ్రత్తగా రెండు చేతులతో ఎత్తాడు. జరీపోగు ఒకటి వేళ్ళతో లాగి చూశాడు.

“ఇంత ఖరీదైన బట్ట, కట్టుకోకుండా ఇందులో పెట్టారేంటమ్మా?”

“కట్టుకునేది కాదయ్యా అది” అంది పిన్ని, ఏడుపు ఆపుకుంటూ. “మా గట్టు మీద జెర్రిపోతులు సయ్యాటాడుతుంటే కప్పిన కండువా. ఇంట్లో ఉంటే గింజకు లోటుండదని దాచాం.”

ఆయన తల ఊపాడు.

“కండువా దాచారు, బానే ఉందమ్మగారూ. మరి ఆ పాములేవండీ?”